ఇద్దరూ ఒకే మాట చెప్పినప్పుడు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన పూర్తి పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రం మీద ఉంది. ఈ ఊళ్లో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆయన ప్లీడరు గారే. నేనూ అలాగే అంటాను. ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ వినడానికి, ఆ రోజు తమకు కేసు లేకపోయినా, కోర్టు హాల్లో కూర్చునేవాళ్లు ఉండేవారని ఇక్కడి సీనియర్లకు తెలుసు. గొంతు పెంచేవారు కాదు, సాక్షిని చిన్నబుచ్చేవారు కాదు. మొదటి సాక్షిని ఏం చూశావని అడిగేవారు. రెండో సాక్షి బోనెక్కితే మాత్రం ఆ ప్రశ్న తర్వాత. స్టేషనుకు వెళ్లేలోపు ఎవరెవరితో మాట్లాడావు, ఎవరి అరుగు మీద కూర్చున్నావు, ముందు ఎవరు చెప్పారు, అప్పుడు నువ్వేమన్నావు, ఇవన్నీ అయ్యాకే నువ్వేం చూశావు.

ఆఫీసులోనూ అదే పద్ధతి. కొత్త ఫైలు వస్తే జూనియర్లు ఎవరికి వారు తమ అభిప్రాయం కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాతే చర్చ. సీనియరుగా తన మాట చిట్టచివర చెప్పేవారు. ఆయన ఆ జాగ్రత్త ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. కోర్టులో సాక్షులను గమనించి నేర్చుకున్నారు. ప్రయోగశాలల్లో మనస్తత్వ శాస్త్రం అదే చోటికి ఎలా చేరిందో చెప్పడం నేను ఇవాళ ఆయనకు ఇవ్వగల నివాళి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పక్కవాడి జవాబు మన మీద రెండు పనులు చేస్తుంది. మన జ్ఞాపకాన్ని మారుస్తుంది, మన నమ్మకాన్ని పెంచుతుంది. మొదటిదాని గురించి లోకం కొంత మాట్లాడుకుంటుంది. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. కొత్త ఆధారం ఒక్కటీ చేరకుండానే నమ్మకం పెరుగుతుంది. అలా పెరిగిన నమ్మకాన్ని చూసి జడ్జీ, జనమూ, చివరికి ఆ సాక్షీ కూడా దాన్నే ఆధారం అనుకుంటారు.

1. గీత ఎదురుగా ఉన్నప్పుడు

తుర్కీలో పుట్టిన ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త 1935లో ఒక ప్రయోగం ప్రచురించాడు. చీకటి గదిలో కదలకుండా ఉన్న చిన్న వెలుగు చుక్కను చూస్తూ ఉంటే, కాసేపటికి అది కదిలినట్టు అనిపిస్తుంది. ఎంత కదిలిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమంటే ఆ అంకెలు మెల్లగా దగ్గరికి చేరుకున్నాయి. ఆ తర్వాత ఒంటరిగా అడిగినా గుంపులో కుదిరిన అంకె దగ్గరే వాళ్లు ఉండిపోయారు.

చీకటి గది కాబట్టి అలా జరిగింది, జవాబు పట్టపగలులా కనిపిస్తుంటే మనిషి తన కళ్లనే నమ్ముతాడు అనుకున్నాడు సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త. పోలండులో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. 1950ల మొదట్లో ఆయన చేసిన ప్రయోగం మీలో చాలామంది వినే ఉంటారు. ఒక కార్డు మీద ఒక గీత, పక్క కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింట్లో మొదటి గీతంత పొడవున్నది ఏదో చెప్పాలి. వరసలో కూర్చున్నవాళ్లలో ఒక్కడే అసలు పరీక్షకు వచ్చినవాడు, మిగతా అందరూ ముందే మాట్లాడుకుని తప్పు చెప్పేవాళ్లు. పద్దెనిమిది సార్లు అడిగితే పన్నెండు సార్లు వాళ్లంతా ఒకే తప్పు చెబుతారు. ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పని ఆ ప్రశ్నకు, గుంపులో కూర్చున్నప్పుడు మూడో వంతుకు పైగా జవాబులు గుంపు వైపు వంగాయి.

ఈ కథ ఇక్కడితో ఆపి, మనుషులంతా గొర్రెలమంద అని తేల్చేసేవాళ్లున్నారు. అది ఆష్‌కు చేసే అన్యాయం. మూడింట రెండు వంతుల జవాబులు సరైనవే. నలుగురిలో ఒకరు ఒక్కసారి కూడా లొంగలేదు. వరసలో ఇంకొక్కడు నిజం చెప్పేవాడు ఉంటే చాలు, లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడూ బాగా తగ్గింది. ఈ చివరి సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు పని ఉంది.

లొంగినవాళ్లను ఆష్ తర్వాత కూర్చోబెట్టి మాట్లాడించాడు. కొందరు నిజం తెలిసే నలుగురి నుంచి వేరుపడటం ఇష్టంలేక అలా చెప్పారు. మరికొందరు తమ చూపులోనే లోపం ఉందనుకున్నారు. బయటికి ఇద్దరి జవాబూ ఒకటే, లోపల జరిగింది మాత్రం వేరు. మొదటివాడు భయపడ్డాడు, రెండోవాడు తనను తాను అనుమానించాడు. కోర్టులో మనం మొదటివాడి గురించే ఎక్కువ ఆలోచిస్తాం. బెదిరింపు, ప్రలోభం, సాక్షి ఎదురు తిరగడం, వీటన్నిటికీ మన దగ్గర పేర్లున్నాయి, చట్టంలో సెక్షన్లున్నాయి. రెండోవాడికి పేరు లేదు. ఈ ఉపన్యాసం అతని గురించి.

2. గీత ఎదురుగా లేనప్పుడు

గీత ఎదురుగా ఉంటే అనుమానం వచ్చినవాడు మళ్లీ చూసుకోవచ్చు. మొన్న రాత్రి సందులోంచి పరుగెత్తినవాడి చొక్కా రంగును మళ్లీ ఎక్కడ చూస్తాం? ఉన్నదల్లా జ్ఞాపకం. కేంబ్రిడ్జిలో మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు: జ్ఞాపకం చేసుకోవడమంటే దాచిన వస్తువును బయటికి తీయడం కాదు, ప్రతిసారీ దొరికిన ముక్కలతో మళ్లీ కట్టుకోవడం అని. ఆ కట్టుబడిలోకి పక్కవాడి ముక్కలు కూడా వచ్చి చేరతాయి.

స్కాట్లండులోని అబర్డీన్‌లో పరిశోధకురాలు ఫియొనా గాబర్ట్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా పట్టి చూపించింది. ఒకే సంఘటనను రెండు కోణాల నుంచి చిత్రీకరించారు. ఒక అమ్మాయి ఖాళీగా ఉన్న విశ్వవిద్యాలయం గదిలోకి పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళుతుంది. ఒక కోణం నుంచి చూసినవాళ్లకు ఆమె పర్సులోంచి డబ్బు తీయడం కనిపిస్తుంది, రెండో కోణంలో అది కనిపించదు. అక్కడ వేరే వివరాలు కనిపిస్తాయి. జంటగా వచ్చిన ఇద్దరికీ తాము చూసినది ఒకటే అని చెప్పారు. కొన్ని జంటలను మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత ఎవరికి వారు రాయమన్నారు. మాట్లాడుకున్నవాళ్లలో 71 శాతం మంది, తమ కోణంలో కనిపించడానికి వీల్లేని వివరం కనీసం ఒకటి తాము చూసినట్టు రాశారు. చాలామంది, దొంగతనం తమకు కనిపించకపోయినా, ఆ అమ్మాయిని దోషి అన్నారు. కుర్రవాళ్లకూ పెద్దవాళ్లకూ ఇందులో తేడా లేదు.

వీళ్లెవరూ అబద్ధమాడలేదు. వాళ్లను ఎవరూ బెదిరించలేదు. మాట విన్నది గుర్తుంది, అది ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది జారిపోయింది. మనసు సంగతిని భద్రంగా ఉంచుకుంటుంది. ఆ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందన్న చిరునామా ముందు చెరిగిపోతుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకచోట చేరిన పెళ్లిళ్లలో ఇది అందరూ చూసిందే. చిన్నప్పుడు తేలు కుట్టింది నాకంటే నాకని ఇద్దరు పట్టుబడతారు. ఇద్దరికీ ఆ మంట, ఆ రాత్రి అమ్మ ఒళ్లో పడుకోవడం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కుట్టింది మాత్రం ఒక్కరినే. ఇలాంటి వాదాలను కవల పిల్లల్లో పరిశోధకులు ప్రత్యేకంగా అధ్యయనం చేశారు కూడా.

ఇంట్లో అయితే ఇది ముచ్చట. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయినప్పుడు ఇదే దేశాన్ని కుదిపేసిన వ్యవహారమైంది. బాంబు పెట్టిన ట్రక్కును రెండు రోజుల ముందు కాన్సాస్‌లోని ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్నారు. బాంబు పెట్టిన టిమతీ మెక్‌వే వచ్చినప్పుడు అక్కడ పనిచేసేవాళ్లలో ఒకరు, అతని వెంట మరో మనిషి ఉన్నాడని గట్టిగా చెప్పారు. మిగతావాళ్లు మొదట్లో ఆ రెండో మనిషిని వర్ణించలేదు. రోజులు గడిచేకొద్దీ వాళ్లకూ అతను గుర్తుకొచ్చాడు. ముగ్గురు చెప్పారు కనుక ఉండే ఉంటాడని అతని కోసం దేశమంతా వెతికారు. చివరికి దర్యాప్తు సంస్థ తేల్చింది ఏమిటంటే, ఆ మొదటి సాక్షి మరుసటి రోజు అదే దుకాణానికి వచ్చిన, నేరంతో ఏ సంబంధమూ లేని వేరే గిరాకీని కలగాపులగం చేసుకున్నాడని. ముగ్గురి సాక్ష్యంగా కనిపించింది ఒకరి పొరపాటు.

అలా జ్ఞాపకంలో చేరిన మాటను తర్వాత తీసేయవచ్చా? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ, లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2011లో ఈ ప్రశ్నే వేసుకున్నారు. మనుషులను అయిదుగురేసి చొప్పున కూర్చోబెట్టి ఒక డాక్యుమెంటరీ చూపించి, కొన్ని రోజుల తర్వాత ప్రశ్నలడిగారు. ఆ తర్వాత మెదడు స్కానరులో పడుకోబెట్టి అవే ప్రశ్నలు మళ్లీ వేస్తూ, తోటివాళ్లు చెప్పారంటూ తప్పు జవాబులు చూపించారు. అంతకు ముందు తాము సరిగ్గా చెప్పిన ప్రశ్నలకే దాదాపు 70 శాతం సార్లు గుంపు వైపు మళ్లారు. వారం పోయాక అసలు సంగతి చెప్పేశారు: మీకు చూపించిన ఆ జవాబులు కంప్యూటరు ఇష్టం వచ్చినట్టు వేసినవి, వాటిని పట్టించుకోకండి అని. అప్పుడు కొన్ని జవాబులు వెనక్కి వచ్చాయి. అంటే అక్కడ మనిషి పైపైన తలూపాడు, లోపలి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. కానీ వంగిన జవాబుల్లో దాదాపు 40 శాతం ఇక వెనక్కి రాలేదు. వాటి వరకు జ్ఞాపకమే మారిపోయింది.

ఇక్కడ ఒక్క మాట. పక్కవాడి వల్ల మనకు సరైన సంగతులు కూడా గుర్తుకొస్తాయి. ఏళ్ల తరబడి కలిసి బతికిన భార్యాభర్తలు ఒకరు మరిచింది ఒకరు అందించుకుంటారు. అందులో ఒక అందం ఉంది, అది పోవాలని నేను కోరను. నేను మాట్లాడుతున్నది ఒకరి జైలు, ఒకరి ప్రాణం ఆ జ్ఞాపకం మీద ఆధారపడినప్పటి సంగతి.

3. నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పటిదాకా చెప్పింది జ్ఞాపకం గురించి. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు.

అమెరికాలోని అయోవాలో గ్యారీ వెల్స్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థినితో కలిసి 1994లో ఒక ప్రయోగం ప్రచురించాడు. జంటలుగా వచ్చినవాళ్ల ఎదుట దొంగతనం నటించి చూపించారు. తర్వాత వేర్వేరుగా కొన్ని ఫొటోలు చూపించి దొంగను గుర్తుపట్టమన్నారు. ఆ ఫొటోల్లో అసలు దొంగ లేడు. గుర్తుపట్టిన ప్రతి ఒక్కరూ పొరబడినవాళ్లే. అప్పుడు కొందరికి, నీ జంట కూడా అతన్నే చూపించాడు అని చెప్పారు. వాళ్ల నమ్మకం ఒక్కసారిగా పెరిగింది. వేరేవాడిని చూపించాడని విన్నవాళ్ల నమ్మకం పడిపోయింది. ఫొటో అదే, కళ్లు అవే, చూసిన నిమిషాలూ అవే; మారింది పక్కవాడి జవాబు ఒక్కటే. ఇంకా ముఖ్యమైనది, ఆ మాట తప్పని తర్వాత చెప్పినా నమ్మకం పూర్తిగా పాత స్థాయికి రాలేదు.

1998లో అదే వెల్స్, పరిశోధకురాలు ఎమీ బ్రాడ్‌ఫీల్డ్‌తో కలిసి ఇంకో మెట్టు ఎక్కాడు. ఈసారి 352 మంది. దుకాణం కెమెరాలో పడ్డ మసకబారిన వీడియో చూపించారు. అందులో ఒక మనిషి లోపలికి వస్తాడు. ఆ తర్వాత అతనే కాపలాదారుణ్ని కాల్చాడని చెప్పి, అయిదు ఫొటోలిచ్చారు. ఇందులోనూ అసలు మనిషి ఫొటో లేదు. అందరూ ఎవరో ఒకరిని ఎంచుకున్నారు. కొందరికి ప్రయోగం నడిపే మనిషి ఒక్క మాట అన్నాడు: బాగుంది, అసలు నిందితుణ్నే గుర్తుపట్టారు, అని. అంతే.

తర్వాత వాళ్లను అడిగిన ప్రశ్నలన్నీ గతం గురించి. ఫొటో ఎంచుకున్న క్షణంలో మీకు ఎంత నమ్మకం ఉంది? వీడియోలో ముఖం ఎంత స్పష్టంగా కనిపించింది? ఎంత శ్రద్ధగా చూశారు? ఆ ఒక్క మాట విన్నవాళ్లు, తాము మొదటి నుంచీ గట్టి నమ్మకంతోనే ఉన్నామన్నారు. ముఖం బాగా కనిపించిందన్నారు. శ్రద్ధగా చూశామన్నారు. ఏ మాటా విననివాళ్లు ఇంత గట్టిగా చెప్పలేదు. ఆ మాట మీ జవాబును మార్చిందా అని అడిగితే ఎక్కువమంది లేదనే అన్నారు.

దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, న్యాయవాద మిత్రులు ప్రత్యేకంగా. పెరిగింది ఇవాళ్టి నమ్మకం మాత్రమే అయితే, క్రాస్‌లో దాన్ని దింపవచ్చు. ఇక్కడ సాక్షి నిన్నటి నమ్మకాన్ని కూడా తిరగరాసుకున్నాడు. ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఉందా, ఎంతసేపు చూశావు, ఇవన్నీ మనం సాక్షి నమ్మదగినవాడా కాదా అని తూచడానికి వాడే ప్రశ్నలు. ఆ తూనికరాళ్లనే ఒక్క మాట మార్చేసింది.

దీని ఖరీదు ఏమిటో రోనాల్డ్ కాటన్ కథ చెబుతుంది. 1984 జులైలో ఉత్తర కెరొలైనాలోని బర్లింగ్టన్‌లో ఒక విద్యార్థిని మీద అత్యాచారం జరిగింది. ఆమె ధైర్యవంతురాలు. ఆ భయంకరమైన స్థితిలోనూ, బతికి బయటపడితే వీణ్ని పట్టించాలని ముఖాన్ని గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించింది. పోలీసులు ఫొటోలు చూపిస్తే కొన్ని నిమిషాలు ఆలోచించి కాటన్ ఫొటో ఎంచుకుంది. తర్వాత మనుషులను వరసగా నిలబెట్టి చూపించినప్పుడు ఇద్దరి మధ్య కాసేపు తటపటాయించి మళ్లీ అతన్నే చూపించింది. అప్పుడు పోలీసు అధికారి, ఫొటోలో ఎంచుకున్న మనిషే ఇతను, అన్నాడు. ఆ మాటలో దురుద్దేశం లేదు. బాధితురాలికి ధైర్యం చెప్పడమే. కోర్టులో నిలబడేనాటికి ఆమెకు అణువంత అనుమానం కూడా లేదు. 1987లో రెండోసారి విచారణ జరిగినప్పుడు అసలు నేరస్థుణ్ని కోర్టుకు తెచ్చి చూపించారు. ఆమె గుర్తుపట్టలేదు. కాటన్‌కు యావజ్జీవం పడింది. 1995లో డీఎన్‌ఏ పరీక్ష అసలు మనిషిని తేల్చింది. పదేళ్లకు పైగా జైల్లో ఉండి ఆ ఏడాది జూన్ 30న కాటన్ బయటికి వచ్చాడు.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కదిలిస్తుంది. ఇద్దరూ కలుసుకున్నారు. ఆమె క్షమాపణ అడిగితే అతను క్షమించాడు. 2009లో ఇద్దరి పేర్లతో పుస్తకం వచ్చింది, గుర్తింపు పద్ధతులు మార్చాలని ఊరూరా కలిసి తిరిగారు. ఆమె అబద్ధం చెప్పిన సాక్షి కాదు. నిజాయితీ గల సాక్షి, బాధితురాలు, పైగా ఒక అమాయకుడి పదేళ్ల భారం మోసిన మనిషి. మన వ్యవస్థలో ఇలాంటి వాళ్లను ఏమంటాం? కేసు కొట్టేస్తే అబద్ధపు సాక్షి అంటాం. ఆ మాట వాడే ముందు ఈ కథ ఒక్కసారి తలుచుకోమని న్యాయమూర్తులనూ అడుగుతున్నాను.

4. పదిమంది మాట ఎప్పుడు పదిమంది మాట

అయితే ఎవరి మాటా వినకూడదా అని మీలో కొందరు అడుగుతారు. నలుగురి మాట వినడం తెలివైన పనే. ఎన్నో సందర్భాల్లో నలుగురి లెక్క ఒక్కడి లెక్క కంటే సరిగ్గా ఉంటుంది.

1907లో ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్, ప్లిమత్‌లో జరిగిన పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం ఎంత బరువు తూగుతుందో ఊహించి జనం చీటీల మీద రాసిన అంచనాలు తెప్పించి లెక్కవేశాడు. పనికొచ్చే చీటీలు 787. వాటి మధ్య విలువ 1,207 పౌన్లు. అసలు బరువు 1,198. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. ఎవరి చీటీ వారు రాసి పెట్టెలో వేశారు, అందుకే ఒకడి ఎక్కువ, ఇంకొకడి తక్కువ ఒకదాన్నొకటి కొట్టేశాయి.

నూటనాలుగేళ్ల తర్వాత, 2011లో, జ్యూరిక్ పరిశోధకులు దీన్ని తిరగేసి చూశారు. 144 మంది విద్యార్థులను స్విట్జర్లాండు గురించి అంకెల్లో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలడిగారు. కొందరికి తోటివాళ్ల అంచనాలు చూపించి మళ్లీ మళ్లీ చెప్పమన్నారు. అంచనాలన్నీ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. నిజానికి మాత్రం దగ్గర కాలేదు. అయినా వాళ్లకు తమ జవాబు మీద నమ్మకం పెరిగింది. నేను ఇవాళ చెబుతున్నదంతా ఆ ఒక్క ఫలితంలో ఉంది.

మనకు తెలిసిన ఉదాహరణ కావాలంటే, 2014లో మొదలైన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ కార్యక్రమంలో ప్రేక్షకుల సాయం అడిగే సన్నివేశం గుర్తుచేసుకోండి. ప్రతి ఒక్కరూ తమ మీట తాము నొక్కేవారు. పక్కవాళ్లు ఏం నొక్కారో తెలిసేది కాదు. శాతాలు తెర మీద పడేది అందరూ నొక్కాకే. ఆ మీటలకు బదులు ఒక్కొక్కరిని లేపి పైకి చెప్పించి ఉంటే, ఆ శాతాలకు అంత విలువ ఉండేదా?

అవధానం కూడా గమనించదగ్గదే. అవధాని ఒక్కొక్క పాదం చెబుతూ పోతుంటే పృచ్ఛకులు తమ పద్యం తాము రాసుకుంటారు. చివర ధారణ సమయంలో అవధాని జ్ఞాపకాన్ని సరిచూసేది ఆ కాగితాలతో. సభలో వందల మంది ఉన్నా, అవును అలాగే చెప్పారని అందరూ తలూపినా, దాన్ని ఎవరూ ప్రమాణంగా తీసుకోరు. జ్ఞాపకాన్ని ఇంతగా గౌరవించే సంప్రదాయమే జ్ఞాపకాన్ని కాగితంతో సరిచూసుకుంది.

5. గుర్తింపు పెరేడ్‌లో ఒక వాక్యం

మన చట్టం ఈ సంగతులు తెలియనిది కాదు. విచారణ కాని సాక్షి తన వంతు వచ్చేదాకా కోర్టు హాలు బయటే ఉండాలి. చీఫ్ ఎగ్జామినేషన్‌లో, ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పకుంటేనో కోర్టు అనుమతిస్తేనో తప్ప, జవాబును నోట్లో పెట్టే ప్రశ్నలు అడగకూడదు. నిందితుణ్ని సాక్షితో గుర్తుపట్టించే గుర్తింపు పెరేడ్ జరిపేది పోలీసులు కాదు, మెజిస్ట్రేటు. నిందితుణ్ని పోలికలు కలిసే మరికొందరితో కలిపి నిలబెట్టాలి. స్టేషను నుంచి తెచ్చేటప్పుడు ముఖానికి ముసుగు వేయాలి. పెరేడ్ అయిన సాక్షి, కావలసిన సాక్షి కలుసుకోకుండా చూడాలి. ముందే నిందితుణ్నో, అతని ఫొటోనో చూపించి ఉంటే ఆ పెరేడ్‌కు విలువ పోతుందని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ మూల సూత్రాలు మారలేదు. ఒకప్పుడు ఎవరో ఎంతో ఆలోచించి వేసిన కంచె ఇది. నాకు దాని మీద గౌరవం ఉంది.

ఆ కంచెలో రెండు చోట్ల ఖాళీ కనిపిస్తుంది. మొదటిది పెరేడ్‌కు చాలా ముందు, ఘటన జరిగిన గంటలోనే. దారిలో, అరుగు మీద, ఆసుపత్రి వరండాలో సాక్షులు మాట్లాడుకుంటారు. మనుషులుగా పుట్టాక మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు? వాళ్లను ఆపలేం. దర్యాప్తు అధికారి వాళ్లను విడివిడిగా, వీలైనంత త్వరగా, వాళ్ల సొంత మాటల్లో చెప్పించవచ్చు. సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేసే వెసులుబాటు చట్టంలో ఉంది. అది వాడితే, మొదటి సాక్షి వాంగ్మూలమే రెండో సాక్షి పేరుతోనూ మాట తేడా లేకుండా ఫైల్లో కనిపించే పరిస్థితి తగ్గుతుంది. ఇక్కడున్న లాయర్లకు నేను దేని గురించి అంటున్నానో విడమర్చి చెప్పనక్కర్లేదు.

రెండోది పెరేడ్ ముగిసిన క్షణం. సాక్షి వేలు చూపించాడు. ఎంత నమ్మకంతో చూపించాడు? వెంటనే చూపించాడా, ఇద్దరి మధ్య ఆలోచించాడా? ఇతనే అన్నాడా, ఇతనిలాగే ఉన్నాడు అన్నాడా? దీన్ని అతని మాటల్లోనే రాయాలని మన సాక్ష్య చట్టం అడగదు. ఉత్తర కెరొలైనా 2007లో చేసిన చట్టం అడుగుతుంది. అక్కడ పెరేడ్ నడిపే అధికారికి అనుమానితుడు ఎవరో తెలియకూడదు. గుర్తుపట్టిన వెంటనే, ఎవరూ ఏమీ అనకముందే, సాక్షి నమ్మకాన్ని అతని సొంత మాటల్లో నమోదు చేయాలి.

ఈ నమోదు సాక్షిని అనుమానించడానికి అనుకోకండి. జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ 2017లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. పద్ధతి ప్రకారం జరిగిన మొట్టమొదటి గుర్తింపులో, ఎవరి మాటా సోకకముందు, సాక్షి వ్యక్తం చేసిన నమ్మకానికి చాలా విలువ ఉంది. ఆ క్షణంలో గట్టిగా చెప్పినవాళ్లు ఎక్కువగా సరిగ్గానే చెబుతారు, తటపటాయించినవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మనిషి జ్ఞాపకం పనికిరానిదని నేను ఒప్పుకోను. అది మొదటిసారి మాట్లాడినప్పుడు తన బలాన్నీ బలహీనతనూ తానే చెబుతుంది. మనం ఆ మొదటి మాటను నేల మీద వదిలేసి, ఏళ్ల తర్వాత బోనులో చెప్పే మాటను ఏరుకుంటున్నాం.

ఇక్కడ ప్లీడరు గారి పద్ధతికి కూడా ఒక హద్దు ఉందని చెప్పడం ఆయన్ని గౌరవించడమే అనుకుంటాను. ఎవరితో మాట్లాడావని ఆయన అడిగేవారు. ఆ ప్రశ్నకు సాక్షి ఎంత నిజాయితీగా జవాబిచ్చినా, మొదటి రోజు తనకు ఎంత నమ్మకం ఉండేదో అతను నిజంగానే మరిచిపోయి ఉంటాడు. 352 మంది మీద చేసిన ఆ ప్రయోగం చెప్పింది అదే. ఎంత గొప్ప క్రాస్ అయినా, సాక్షి మనసులో ఇప్పుడు లేనిదాన్ని బయటికి రప్పించలేదు. అది కాగితం మీద ఉంటేనే దొరుకుతుంది.

గుర్తింపు పెరేడ్ పద్ధతిని నిర్దేశించే క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌ను రూపొందించేదీ సవరించేదీ హైకోర్టు. గుర్తింపు పెరేడ్ ప్రొసీడింగ్స్‌లో ఒక వాక్యం చేర్చమని బార్ అసోసియేషన్ తీర్మానం చేసి పంపవచ్చు: గుర్తుపట్టిన వెంటనే, సాక్షి తన నమ్మకం గురించి చెప్పిన మాటలను చెప్పినవి చెప్పినట్టు తెలుగులోనే మెజిస్ట్రేటు రాయాలి, అంతవరకు అక్కడున్న ఎవరూ సాక్షితో అవునని గానీ కాదని గానీ అనకూడదు, అని. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. సీనియర్లు ఒప్పుకుంటే ఆ తీర్మానం ముసాయిదా రాయడానికి నేను రేపు ఉదయం నుంచే మీతో కూర్చుంటాను.